బొట్టు పెట్టిన అట్టపెట్టెలు

హోసూరులో మా చిన్నాయన చేసే తలనూనెను ఆన్‌లైన్ సైటులో పెడదామనుకున్న రోజులవి. ఆ సైటు నిబంధనలు మడి ఆచారాన్ని మించినవి. సరుకు పంపేముందు సీసా మీది వివరాలు సరిచూసే పని నాది. ‘బట్టతలపై జుట్టు మొలుచును’ కొట్టేశాను. ‘మతిమరుపు పోవును’ కొట్టేశాను. చివరికి ‘నూనె’ ఒక్కటే మిగిలింది.

“ఇంగ ఎవురు కొంటారప్పా?” అని చిన్నాయన గొణిగాడు.

వారం తిరక్కుండానే సైటువాళ్ల బెంగళూరు గోడౌను నుంచి సరుకంతా వెనక్కి వచ్చింది. పెట్టెలకు మరకలున్నాయట. చూద్దును కదా, ప్రతి పెట్టెకూ పసుపు, కుంకుమ!

నాకు ఒళ్లు మండింది. “ఏంది చిన్నాయనా ఇది?”

“దిష్టి తగలకూడదని పెట్టినాను. అయినా తిరిగొచ్చిందంటే, బొట్టు చిన్నదైపోయిందప్పా!”