రాజకుమారుడి బుగ్గలు

ఊరూరా తిరిగే మా నాటకాల కంపెనీలో రాజకుమారుడు ఎవరంటే లువాన్ అక్కే. యాభై దాటిన ఆడమనిషి. పట్టు అంగీ తొడుక్కుని, కిరీటానికి ఈక బిగించుకుని, విసనకర్ర విప్పుతూ లారీ వేదిక మీదికి వచ్చిందంటే ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు సైతం జుట్టు సర్దుకుంటారు. ఆ అంగీలు కుట్టేదీ, ఇస్త్రీ చేసేదీ నేను. అందుకని ఆమె కష్టసుఖాలు కాస్త దగ్గరగా తెలుసు.

రంగు పూసుకునేవాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో మాకు కొత్త కాదు. తెల్లరంగు వెన్నలా మెత్తి, దాని మీద ఎరుపు, కళ్ల పక్కన నలుపు. ఆట అయ్యాక పసిపిల్లల నూనె రాసి, కాగితపు రుమాళ్లతో తుడిచి, సబ్బుతో కడగాలి. మర్నాడు మళ్లీ మొదలు. వయసులో ఉన్నప్పుడు లువాన్ అక్క ఇవేమీ పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది బుదాయ్ రేవులో ఆల్చిప్పలు ఒలిచే హియాంగ్ అవ్వ. ఏటా మా ఆటకు వస్తుంది, ఏటా రాజకుమారుడి పక్కన నిలబడి ఫొటో దిగుతుంది. పోయినేడు ఆ ఫొటోను ఫోనులో వేళ్లతో పెద్దది చేసి చూసి, ఉన్నమాట అనేసింది.

“దూరం నుంచి చంద్రబింబం. దగ్గరికొస్తే పంపరపనస తొక్క.”

అందరం నవ్వాం. లువాన్ అక్క అందరికంటే గట్టిగా నవ్వింది. తర్వాత మాత్రం చేతి అద్దాన్ని ఎండవైపు తిప్పుకుని చాలాసేపు కూర్చుంది.

చెలికత్తె వేషాలు వేసే పెయ్‌షాన్ అది కనిపెట్టింది. ఈ ఏడు వసంతంలో అక్క పుట్టినరోజుకు ముఖం కడుక్కునే కరెంటు బ్రష్షు కొనిచ్చింది. గుప్పిట్లో పట్టేంత గుండ్రని వస్తువు, లేత గులాబీ రంగు, ఒక పక్క మెత్తని కుచ్చు. మీట నొక్కితే తుమ్మెదలా మూలుగుతుంది. ముందు నూనెతో రంగంతా తీసెయ్యాలనీ, ఆ తర్వాతే సబ్బు నురగతో దీన్ని ఊరికే ఆనించాలనీ, అదీ రోజు విడిచి రోజనీ ఆ పిల్ల మరీమరీ చెప్పింది.

మొదట్లో అక్క చెప్పినట్టే చేసింది. వారం తిరగకుండానే బుగ్గలు ఒలిచిన గుడ్డులా నునుపెక్కాయి. నా చెయ్యి లాక్కుని తన చెంప మీద పెట్టించుకునేది. వేషాల పెట్టెల పక్కన మా నాటకాల దేవుడికి వెలిగించే అగరొత్తి దగ్గరే ఆ బ్రష్షుకు చార్జింగు పెట్టేది. మా యజమానురాలు చూసి, దేవుడికి కొత్త నైవేద్యం వచ్చిందే అని ఆటపట్టించింది.

మంచిదనుకున్నదాన్ని ఎక్కువ చేస్తే ఇంకా మంచిదనిపించడం మనుషుల గుణం. బుదాయ్ చేరే ముందటి ఊళ్లో ఒకే రోజు రెండాటలు పడ్డాయి. ఒళ్లు అలిసిపోయి, ఇంత మెషీను ఉండగా నూనె దేనికనుకుంది అక్క. రంగు మీదే బ్రష్షు పెట్టి, మాడిన గిన్నె తోమినట్టు తోమేసింది. తెల్లారేసరికి రెండు బుగ్గలూ చిట్లి, మిరపకాయ రుద్దినట్టు ఎర్రబడ్డాయి. చెమట తగిలినా భగ్గుమంటున్నాయి. చర్మం డాక్టరు మందు రాసిచ్చి, పూర్తిగా మానేదాకా రంగు ముట్టుకోవద్దన్నాడు.

పెయ్‌షాన్ ఏడుపే ఏడుపు. లువాన్ అక్క ఆ పిల్ల తల నిమిరి, బ్రష్షు నీదే గానీ చెయ్యి నాదేనంది. అసలు బాధ ఆమెకు బుగ్గల గురించి కాదు. ఎల్లుండి బుదాయ్ రేవులో, సముద్రాన్ని కాచే మాజు అమ్మవారి పుట్టినరోజు. చాలా ఏళ్ల కిందట జబ్బు చేసి గొంతు పూర్తిగా పోయినప్పుడు, ఆ రేవు గుళ్లోనే అక్క మొక్కుకుంది. గొంతు తిరిగొస్తే ప్రతి పుట్టినరోజుకూ నీ ఎదుట వేషం కట్టి నిలబడతానని. గొంతు వచ్చింది. అప్పటినుంచి ఒక్క ఏడు తప్పలేదు. మా దగ్గర రంగు లేని ముఖంతో దేవత ముందు వేదిక ఎక్కకూడదు. రంగు పూస్తే బుగ్గలు పుండ్లవుతాయి. మొక్కు తప్పేలా ఉంది. ఆమె బస్సెక్కి కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

రాజకుమారుడి వేషం పెయ్‌షాన్ వెయ్యాలని నిర్ణయమైంది. అక్క దారంతా ఆ పిల్లకు అడుగులు చెబుతూనే ఉంది. బుదాయ్‌లో గుడి ఊడ్చే ఆవిడ లువాన్ అక్క ముఖం చూసింది. ఇంటికెళ్లి సీసాతో నేతిబీర తీగ కోస్తే కారే చలవ నీళ్లు తెచ్చి, మందు రాయని చోట అద్దుకోమని చేతిలో పెట్టి వెళ్లింది.

పుట్టినరోజు మధ్యాహ్నం గుడి ముందు లారీ వేదిక విప్పారు. అసలు ఆటకు ముందు దేవతకు శుభం పలికే ఆట ఒకటుంటుంది. అందులో నవ్వుముఖం దొర వస్తాడు. ఎర్ర అంగీ, నవ్వుతున్న తెల్లని కొయ్య ముసుగు. ఆ ముసుగు లోపలున్న కొయ్యముక్కను పళ్లతో కరిచి దాన్ని పట్టుకుంటారు, అందుకే నోట మాట ఉండదు. చిన్నచిన్న అడుగులు వేస్తూ, దీవెనలు రాసిన గుడ్డపటాలు ఒక్కొక్కటీ విప్పి చూపించి వెళ్లిపోతాడు. మా కంపెనీలో అది ఓంగ్ మామ వేషం. ఆయన తండ్రి కూడా అదే వేశాడు. ఆ ముసుగును ఇంకొకరి చేతికిచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు.

నేను ఆయన అంగీకి ఇస్త్రీ చేస్తుంటే ఓంగ్ మామ దవడ పట్టుకుని లువాన్ అక్క దగ్గరికి వచ్చాడు.

“లువానూ, నా కట్టుడు పళ్లు వదులైపోయాయే. ముసుగు కరిస్తే దాంతోపాటు అవీ ఊడొస్తాయి. అమ్మవారి ముందు నవ్వులపాలవుతాను. నువ్వెయ్యి.”

లువాన్ అక్క వెనక్కి తగ్గింది. “మామా, అది మీ నాన్నగారి ముసుగు.”

“మా నాన్నకు సొంత పళ్లుండేవి.”

ఆయన ముసుగును రెండు చేతులా ఎత్తి ఆమెకు అందించాడు. ముసుగు వేషానికి రంగు అక్కర్లేదు, పళ్లతో పట్టేది కనుక బుగ్గలకూ ఆనదు. నుదుటి దగ్గర మాత్రం రాసుకోకుండా నేను మెత్తని నూలుగుడ్డ మడిచి కుట్టాను. అంగీ పొడవు ఆమెకు సరిపడా మడతపెట్టి టాకాలు వేశాను.

డోలు మోగింది. పాటతో ఊరిని ఊపేసే లువాన్ అక్క ఆ పూట ఒక్క మాట లేకుండా అమ్మవారి ఎదుట నిలబడింది. వంగింది, తిరిగింది, పటం విప్పింది. తెర పక్క నుంచి చూస్తున్న నాకు ముసుగు నవ్వు కనిపిస్తోంది గానీ, దాని కింద గడ్డం మీదుగా జారేది చెమటో కన్నీరో తెలియలేదు. ముందు వరుసలో హియాంగ్ అవ్వ పక్కావిడతో అంటోంది.

“ఈ ఏడు ఓంగ్ ముసలాడికి కాళ్లలో కుర్రతనం వచ్చింది చూడు.”

అసలు ఆటలో పెయ్‌షాన్ రెండు చోట్ల తడబడింది. పర్వాలేదు, జనం చప్పట్లే కొట్టారు. విరామంలో లువాన్ అక్క గుళ్లోకి వెళ్లి అగరొత్తులు గుచ్చి, తేటపడిన ముఖంతో తిరిగొచ్చింది. ఇద్దరం టీ తాగుదామని లారీ వెనక్కి వెళ్లాం. అక్కడ పీట మీద కూర్చుని ఓంగ్ మామ కాల్చిన మొక్కజొన్న కంకిని ఈ కొస నుంచి ఆ కొసకు పటపట కొరుక్కుంటూ తింటున్నాడు.

లువాన్ అక్క నిలబడిపోయింది. తర్వాత కంకులు అమ్మే బండివాడి దగ్గరికెళ్లి ఇంకోటి కొని తెచ్చి ఆయన పక్కన పెట్టింది. లేత గింజలు గనక సరిపోయింది, ముదురువైతే పళ్లు ఊడేవని ఆయన గొణుక్కున్నాడు.

బుగ్గలు మానాయి. బ్రష్షు అక్క పారెయ్యలేదు. ముందు నూనె, తర్వాత నురగ, చంటిపిల్ల బుగ్గ తాకినట్టు గుండ్రంగా రెండు చుట్లు, అంతే. ఒలిచిన గుడ్డు నునుపు మెల్లగా తిరిగొస్తోంది. వచ్చే ఏడు ఫొటో ఎంత పెద్దది చేసుకుని చూసినా అవ్వకు పంపరపనస తొక్క దొరకదని పెయ్‌షాన్ పందెం కాస్తోంది.

మొన్న లువాన్ అక్క ముసుగును పట్టుగుడ్డలో చుట్టి ఓంగ్ మామకు తిరిగివ్వబోయింది. ఆయన వేరుశనగ ఉండ నములుతూ, దాన్ని ఆమె పెట్టెలోనే ఉంచమన్నాడు. పళ్లు ఇంకా కుదురుకోలేదట.