మిస్ డోరతీ ఆసుపత్రిలో అమ్మమ్మ

మా చిన్నప్పుడు అమ్మమ్మ అమెరికా వచ్చిందంటే ఆవిడకి చెవులూ నోరూ నేనే... నార్త్ కరోలినాలో చిన్న టౌన్ మాది. 2006 అనుకుంటా, నేను ఐదో క్లాసు.

పక్కింటి మిస్ డోరతీ నల్లావిడ, రిటైరైన నర్సు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, సాయంత్రాలు ఇద్దరూ మా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవారు.

ఒక శనివారం, తను పనిచేసిన పాత ఆసుపత్రి చూడ్డానికి రమ్మంది. ఎప్పుడో మూసేసిన ఎర్ర ఇటుకల బిల్డింగ్. అపార్ట్‌మెంట్లుగా మార్చే ముందు ఒక్కరోజు జనం కోసం తెరిచారు. అమ్మ, అమ్మమ్మ, నేను వెళ్ళాం.

పెచ్చులూడిన గోడలు... ఖాళీ వార్డులు... మిస్ డోరతీ చెబుతుంటే నేను తెలుగులో అందిస్తున్నాను. ఒకప్పుడు టౌన్‌లోని పెద్దాసుపత్రి నల్లవాళ్ళని చేర్చుకునేది కాదట. వాళ్ళే చర్చిల్లో భోజనాలు వండి అమ్మి, తలా కాస్త వేసుకుని దీన్ని కట్టుకున్నారట.

"పెద్దాసుపత్రిలో చోటు లేకనా?" అంది అమ్మమ్మ.

"చోటుంది అమ్మమ్మా. లోపలికి రానివ్వలేదంతే."

అమ్మమ్మ కిటికీ గట్టు పట్టుకుని నిలబడిపోయింది. "ఆవిడకి చెప్పు... మీ తాతయ్యా అంతే. పేట వాళ్ళొస్తే, అంటరానివాళ్ళని, దొడ్లో గేదెల దగ్గర నిలబెట్టేవారు. నాడి చూసేవారు కాదు. దూరం నుంచే మందు పొట్లం విసిరేవారు."

డాక్టరు తాతయ్య అంటే మా ఇంట్లో దేవుడు... ఆయన చెయ్యి పడితే చాలు జబ్బు పోయేదని వింటూ పెరిగాను.

"అమ్మా, ఊరుకో. నువ్వు ట్రాన్స్‌లేట్ చెయ్యకు," అని అమ్మ నా భుజం నొక్కింది.

"చెప్పు తల్లీ," అంది అమ్మమ్మ.

తలెత్తకుండా చెప్పాను. ఇంగ్లిష్‌లో అది ఇంకా ఘోరంగా వినిపించింది...

మిస్ డోరతీ, "వాళ్ళలో ఎవరైనా ఆవిడకి గుర్తున్నారా?" అని అడిగింది.

"ఒకమ్మాయి... చంటిబిడ్డకి జ్వరమని ఎండలో పడి వచ్చింది. కిందపడ్డ పొట్లం ఏరుకోమన్నది నేనే."

"బిడ్డ బతికిందా?"

"తెలీదు. నేనడగలేదు."

అదీ చెప్పాను. మిస్ డోరతీ పర్వాలేదు అనలేదు. "పిల్లల వార్డు ఇటు," అంటూ ముందు నడిచింది. మేం ముగ్గురం తలలు దించుకుని వెనకాలే వెళ్ళాం.

కార్‌లో అమ్మ, "పరువు తీశావమ్మా," అంది. ఆ తర్వాత కూడా మిస్ డోరతీ పలకరించేది... కానీ వచ్చి కూర్చునేది కాదు.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. మా ఫ్యామిలీ గ్రూపులో ఏటా తాతయ్య పుట్టినరోజుకి దండాలు పెడతారు. కిందటేడు నేను అమ్మమ్మ చెప్పిన ఈ మాట రాస్తే, మావయ్య వెంటనే డిలీట్ చెయ్యమన్నాడు. మిగతా ఎవరూ నోరెత్తలేదు.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఇంగ్లిష్ వచ్చు... ఉన్నదున్నట్టు చెప్పే మనిషే లేదు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరైనా ఇలాంటివి చెప్పారా? అప్పుడు మీరు వినగలిగారా?