గండిపేటలో వెలగని స్టవ్వు

మా చిన్నప్పుడు పంజాగుట్టలో రెండు గదుల అద్దె ఇల్లు... వంటంతా ఇత్తడి పంపు స్టవ్వు మీదే. పిన్నుతో పొడిచి, నాలుగు పంపులు కొడితే బుస్సుమంటూ నీలం మంట లేచేది. ఆ చప్పుడుకే మాకు ఆకలి వేసేది...

ఒక ఆదివారం ఆ స్టవ్వునే సంచిలో పెట్టుకుని గండిపేటకు బయలుదేరాం. నాన్నకు డ్యూటీ. అమ్మ, నేను, చెల్లి బస్సులో... అమ్మ తమ్ముడైన మా మామ స్కూటర్ మీద.

చెరువు ఒడ్డున చాప పరిచి సంచి విప్పితే ఏముంది... డబ్బా మూత ఊడి గ్యాస్‌నూనె, అదే కిరోసిన్, మొత్తం కారిపోయింది. బస్సంతా ఆ వాసన ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది!

కడిగిన బియ్యం గిన్నెలో అలాగే ఉంది. చెల్లి ఆకలికి ఏడుపు అందుకుంది.

"ఫికర్ జెయ్యకక్కా... స్కూటర్ల పెట్రోల్ ఉన్నది గదా" అంటూ మామ ట్యాంకులోంచి పైపుతో సీసాలోకి తీసుకొచ్చాడు.

అమ్మ స్టవ్వులో నూనె పోసే మూతికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తమ్మీ."

"ఏమైతదక్కా? జరంత పోస్త."

అమ్మ చెయ్యి తీయలేదు. "పెద్దక్క గట్లనే పోయింది... నూనె లేదని స్టవ్వుల పెట్రోల్ పోసింది. నువ్వప్పుడు చంటి పిల్లగానివి. జ్వరమొచ్చి పోయిందని నీకు చెప్పినం."

మామ మెల్లగా వెళ్లి పెట్రోల్ మళ్లీ ట్యాంకులో పోసి వచ్చాడు. తుమ్మ పుల్లలు ఏరి, మూడు రాళ్లు పెట్టాడు. పచ్చి పుల్లలు... ఎంతకీ అంటుకోవు. అందరి కళ్లలో నీళ్లు. పొగకే అనుకున్నాను అప్పుడు...

ఊదుతూ ఊదుతూ అడిగాడు మామ. "ఎట్లుండె అక్కా... పెద్దక్క?"

"నీ లెక్కనే ఉంగరాల జుట్టు. నిన్ను చంక దించకపోతుండె. అన్నం సుత ఒంటిచేత్తోనే వండుతుండె."

అన్నం అడుగంటింది. పప్పు నిండా పొగ వాసన. అయినా మామ మారు పెట్టించుకుని తిన్నాడు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అంటూ పొద్దుగూకేదాకా అమ్మను కదలనివ్వలేదు...

మొన్న మా పిల్లలు క్యాంపింగ్‌కని అమీర్‌పేటలో అరచేతిలో పట్టే స్టవ్వు కొన్నారు. చిన్న గ్యాస్ డబ్బా బిగించి మీట నొక్కితే చాలు, మంట. మంచిదే... భయం లేదు. కానీ పొయ్యి రాజుకునేదాకా ఒకరి పక్కన ఒకరు కూర్చునే అవసరం ఇప్పుడు ఎవరికుంది?

అమ్మ లేదు, మామ లేడు... నేను చూడని ఆ పెద్దమ్మ గురించి అడుగుదామంటే ఇంకెవరూ లేరు.

మీ ఇళ్లలో పొయ్యి దగ్గర కూర్చుని ఎవరిని తలుచుకునేవారు? చెప్పండి... వినాలని ఉంది.