వేడి కూడా ఇచ్చే ఏసీ

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ కుర్చీ వద్దు, దాని పట్టీ తెగింది. ఈ మంచం మీదే కూర్చోండి. నేను చదివింది ఐదో తరగతి. తారీఖులు అడిగితే తడబడతాను గానీ, ఎవరు ఏ చీర కట్టుకుని ఏ మాట అన్నారో అడగండి, పొల్లు పోకుండా చెబుతాను. ఇది మేమిద్దరం ఆడవాళ్ళం కలిసి ఒక ఏసీ కొనుక్కున్న సంగతి.

ఇద్దరమంటే నేనూ, మావారి అక్కగారూ. నాకు వదిన. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే తమ్ముడి పంచకు చేరింది. మాకూ పిల్లల్లేరు. అమీర్‌పేట వెనక సందులో, లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు మాది. పైన డాబా, లోపల రెండు గదులు, ఓ చిన్న హాలు. ఆయన ఉన్నన్నాళ్ళూ ముగ్గురితోనే ఇల్లు నిండుగా ఉండేది. ఆయన పోయాక ఇద్దరం మిగిలాం, అదీ మాటల్లేకుండా.

మాటలెందుకు పోయాయో చెప్పాలి. ఆయన పోయిన పదకొండో రోజున, చుట్టాలందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు, వదిన అంది: "గుండెలో నొప్పంటే సోడా పట్టించింది. ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆవిడకు తోచలేదు." ఆ పూట వదిన ఇంట్లో లేదు, నేను సోడా పట్టించిన మాట నిజం. నిజం గనకే అంత లోతుగా దిగింది. ఆ వేళ నుంచీ నేను ఆవిడ ముఖంలోకి చూసి మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు.

అలాగని మూగనోము పట్టామనుకునేరు. మా గోదావరి వైపు ఆడవాళ్ళకు దీనికో పద్ధతుంది. మనిషితో మాటల్లేకపోతే వస్తువుతో మాట్లాడతారు. "కందిపప్పు నిండుకుందని ఈ ఇంట్లో ఎవరికైనా పట్టిందా?" అని వదిన గ్యాసుబండను అడిగేది. "సాయంత్రం తెస్తారు, కొంపేం మునగదు" అని నేను తులసి కుండీకి చెప్పేదాన్ని. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, "చల్లారిపోతోంది" అని గోడ గడియారంతో అనేదాన్ని. ఆరేళ్ళు అలా కాపురం చేశాం. ఒక గదిలో ఆవిడ, ఒక గదిలో నేను. మధ్య హాల్లో ఆయన ఫోటో.

ఆ రోజుల్లోనే అమీర్‌పేటకు కంప్యూటర్ పూనకం వచ్చింది. ఏ గోడ చూసినా కోర్సుల బోర్డులే. ఒక బోర్డు మీద ఇంకో బోర్డు, దాని మీద మరొకటి. మా పక్కన ఒక పాత ఇల్లుండేది, ముందు కరివేపాకు చెట్టుతో. దాన్ని పడగొట్టి నాలుగంతస్తులు లేపి కంప్యూటర్లు నేర్పే స్కూలు పెట్టారు. పొద్దున ఆరింటి నుంచీ మెడలో సంచులు వేసుకున్న పిల్లలు మెట్ల నిండా ఉండేవారు. వాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. కానీ ఆ స్కూలు వాళ్ళు తమ ఏసీల తాలూకు బయటి పెట్టెలన్నీ మా వైపు గోడకు బిగించారు. లెక్కపెడితే పద్నాలుగు. వాళ్ళు లోపల చల్లగా చదువుకుంటుంటే, వాళ్ళ గదుల్లో వేడంతా వచ్చి మా కిటికీలో పడేది. మా కూలరు ఆ వేడిగాలినే పీల్చి మా ముఖాన కొట్టేది.

ఆ ఏప్రిల్‌లో వదిన వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. చేతిలో ఉన్న మజ్జిగ చెంబు గది చివరికి దొర్లింది. డాక్టరు వచ్చి, "ఈ వయసులో ఈ వేడి తట్టుకోలేరు, చల్లటి చోట ఉంచండి" అన్నాడు. చల్లటి చోటు మాకెక్కడుంది? ఏసీ కొనాల్సిందేనని ఆ రోజే అనుకున్నాను. కరెంటు పని చేసే అతను మీటరు చూసి, పాత వైరింగు ఒక్క ఏసీనే మోస్తుందన్నాడు. పెట్టాలంటే నా గదిలోనే పెట్టాలి. వదిన గది కిటికీ ఆ పద్నాలుగు పెట్టెల ఎదుటే ఉంది.

"పెద్ద గదిలో పెడితే ఎవరైనా వచ్చి పడుకోవచ్చు" అన్నాను తులసి కుండీతో.

"ఎవరైనా అంటే ఎవరో" అంది వదిన గ్యాసుబండతో. కానీ మర్నాడు పొద్దున్నే జరీ అంచు నేతచీర కట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. నాతో వస్తుందన్నమాట.

పంజాగుట్ట చౌరస్తా దాటాక ఒక ఏసీల దుకాణం ఉండేది. దాని యజమాని గడ్డానికి గోరింటాకు పెట్టుకునే పెద్దమనిషి. మమ్మల్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి, రెండు ఏసీలు చూపించాడు. నా కళ్ళకు రెండూ ఒకేలా ఉన్నాయి.

"గిది ఉత్త కూలింగు అమ్మా. గా పక్కది హాట్ అండ్ కోల్డు. చదువుకున్నోళ్ళు దాన్ని హీట్ పంపు అంటరు. ఎండకాలం లోపటి వేడి తోడి బయట పోస్తది. చలికాలం ఉల్టా నడుస్తది, బయటి వేడి లోపటికి తెస్తది."

"చలికాలం బయట వేడెక్కడుంటుంది బాబూ?" అంది వదిన.

"ఉంటది అమ్మా. ఎంత చలిల అయినా జర ఉంటది. మనకు తెలువది, మిషన్‌కు తెలుస్తది."

నాకు ఆ రెండోది కావాలనిపించింది. కార్తీకం దాటిందంటే వదిన మోకాళ్ళు బిగుసుకుపోతాయి. పొద్దున్నే గోడ పట్టుకుని స్నానాల గదికి వెళుతుంది. కానీ మీ దగ్గర దాపరికమెందుకు, నా ఆలోచన మోకాళ్ళ దగ్గర ఆగలేదు. ఉత్త చల్లదనమిచ్చేదైతే వదిన నా గదిలో రెండు నెలలే ఉంటుంది. వేడి కూడా ఇచ్చేదైతే చలికాలమూ ఉంటుంది. సగం ఏడాది పక్క మంచం మీద ఒక మనిషి. ఐదేళ్ళుగా ఒంటరిగా పడుకుంటున్నదానికి అది ఎంత పెద్ద ఆశో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాట ఆవిడతో అనలేను కదా, దుకాణం ఆయనతో అన్నాను.

"ఆవిడకు చలికాలం మోకాళ్ళు పట్టేస్తాయండి. వేడిది కావాలేమో అడగండి."

ఆయన నన్ను చూశాడు. నా పక్కనే, జానెడు దూరంలో కూర్చున్న వదిననూ చూశాడు. "అమ్మా, ఈమె ఏమంటున్నదంటే..."

"నాకు చెవుడు లేదులే బాబూ. చలికాలం మాకేమీ అక్కర్లేదని చెప్పు. నా గది నాకుంది, నా రగ్గు నాకుంది. నా కోసం ఎవరూ అదనంగా పెట్టక్కర్లేదు."

"ఆమె ఏమంటున్నదంటే అమ్మా..."

"నాకూ వినబడిందండీ."

"యా అల్లా! మీ ఇద్దరి నడుమ నేనేమన్న టెలిఫోను ఎక్స్‌ఛేంజా?" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. దుకాణంలో ఇంకెవరో నవ్వారు. మేం నవ్వలేదు. ఆయన మంచివాడు, ఖరీదైనది అంటగట్టాలని చూడలేదు. "అసలు ముచ్చట చెప్తున్న, హైదరాబాద్ల చలి ఎన్ని దినాలు? స్వెటరు ఏస్కుంటే పోతది. ఫికర్ చెయ్యకుండ్రి, కూలింగుది తీస్కపోండ్రి" అన్నాడు.

నా గదిలో అవసరానికి మించి ఒక్క రోజు కూడా ఉండనని చెప్పడానికే వదిన ఆ మాట అందనుకున్నాను. నాకు పౌరుషం వచ్చింది. "చల్లదనం ఒక్కటే చాలు, అదే ఇవ్వండి" అన్నాను.

ఏసీ బిగించిన సాయంత్రం వదిన తన మంచం, చెంబు, జపమాల తెచ్చుకుని నా గదిలో గోడవారగా చేరింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు వేసుకుని ఇద్దరం చింతపండులో గింజలు తీసేవాళ్ళం. మూడో రోజో నాలుగో రోజో వదిన ఏసీ వైపు చూసి, "వీడు చిన్నప్పుడు ఇలాగే చింతపండు బెల్లంలో ముంచుకు తిని నాలుక కొట్టుకుపోయేలా చేసుకున్నాడు" అంది. వీడంటే తన తమ్ముడు, మావారు. "పెద్దయ్యాకా మానలేదుగా" అన్నాను నేనూ ఏసీతోనే. ఇక ఆ రోజు నుంచీ వరస. నాకు తెలియని ఆయన బాల్యమంతా ఆ పెట్టెకు చెప్పింది. నేనెరిగిన ఆయన సంసారమంతా నేనూ దానికే చెప్పాను. ఒకసారి ఇద్దరం కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం, ఒకరినొకరు చూసుకోకుండా. ఆయన పోయాక నాకు అంత మంచి వేసవి మళ్ళీ రాలేదు.

జూన్ చివర వానలు పట్టాయి. బల్కంపేట వైపు నుంచి బోనాల డప్పులు వినబడుతున్న ఆదివారం, వదిన ఏసీ ముందు అరచెయ్యి పెట్టి చూసి, "ఇక దీని పనైపోయింది" అంది. పక్క చుట్టుకుంది. ఉండమని అనాలి. ఒక్క మాట! నేనేమన్నానో తెలుసా? "అవును మరి, కరెంటు దండగ" అన్నాను. ఆవిడ మంచం గడపకు తగులుతూ బయటికి వెళ్ళింది.

ఆ గది అంత పెద్దదని అంతకు ముందు నాకు తెలియదు.

దీపావళి వెళ్ళాక చలి మొదలైంది. వదిన గది డాబా కింద మంచులా ఉండేది. గోడ పట్టుకుని నడిచే చప్పుడు నాకు వినబడేది. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి గుమ్మం దగ్గర పెట్టి వచ్చేదాన్ని, మాట లేకుండా. సంక్రాంతి వెళ్ళిన వారానికి రాజమండ్రి నుంచి ఆవిడ పినతల్లి కూతురు ఉత్తరం రాసింది, ఇక్కడ చలి తక్కువ, వచ్చి రెండు నెలలుండమని. సంచి నేనే సర్దాను. "మాత్రలు పక్క జేబులో ఉన్నాయి" అని సంచితో చెప్పాను. "పాలవాడికి అరలీటరు చాలని చెప్పాలి" అని ఆవిడ ఆటో వైపు చూస్తూ అంది.

ఒక్కదానికి అన్నం వండడం నాకు రాలేదండీ. ఎంత తగ్గించి పోసినా ఇద్దరికి అయ్యేది.

మార్చి రాబోతుంటే, ఏసీ శుభ్రం చేయించాలని పంజాగుట్ట దుకాణానికి వెళ్ళాను. ఆ పెద్దమనిషి గుర్తుపట్టాడు. "పెద్దమ్మ రాలేదా? ఆమె మోకాళ్ళు ఎట్లున్నయి?" అని అడిగాడు.

"మీకెలా తెలుసు మోకాళ్ళ సంగతి?"

"రెండుసార్లు వచ్చిందిగద, దీవాలి అయినంక. ఒక్కతే, బస్సుల. కూలింగు మిషన్ వాపస్ తీస్కొని హాట్ అండ్ కోల్డు ఇయ్యి బాబూ, పై సొమ్ము నేనిస్త అన్నది. వాడిన మిషన్ ఎట్ల తీస్కుంట అమ్మా అన్న. మళ్ళ వారం వచ్చింది. ఆ మిషన్‌కే వేడి వచ్చే సామాను ఏమన్న పెట్టరాదా అన్నది. గా సామాను పుట్టుకతోని ఉండాలె అమ్మా, నడుమ పెట్టరాదు అన్న. బాగ చిన్నబోయింది. అట్ల కూసుంటే నాకే మంచిగ అనిపించలే. 'మిషన్ లేకుంటే ఏమాయె, మరదలి గదిలకు పోయి పండుకోరాదా' అన్న. ఏమన్నదో తెలుసునా? 'ఊరికే ఎలా వెళతాను బాబూ, ఏదో ఒక సాకుండాలి కదా' అన్నది."

నేను దుకాణం మెట్లు దిగి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. నేనెక్కాల్సింది ఏదో తెలియలేదు. ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే రాజమండ్రికి ఫోను కలిపాను. వదినకు ఇమ్మన్నాను.

"ఎవరు?" అంది.

"నేను వదినగారూ." ఆరేళ్ళ తర్వాత ఆవిడను పిలిచిన మొదటి పిలుపు అది. "వచ్చేయండి. ఏసీ వద్దు, ఏ సాకూ వద్దు. ఊరికే వచ్చేయండి. నా గదిలోనే ఉందురుగాని."

అవతల మంచం కిర్రుమన్న చప్పుడైంది.

"ఇప్పుడా పిల్లా?" అంది. "శివరాత్రి నాడు నూతిగట్టు దగ్గర జారి పడ్డాను. తుంటి విరిగింది."

"నాకు చెప్పలేదేం?"

"ఫోనెత్తేది నువ్వే కదే. నీతో ఎలా చెప్పను?"

ఆ రాత్రి బండికే వెళ్ళాను. పది రోజులు ఆవిడ పక్కన కూర్చున్నాను. ముఖాలు చూసుకుంటూనే మాట్లాడుకున్నాం. సోడా మాటా వచ్చింది. "నేనున్నా సోడాయే పట్టించేదాన్నే" అంది వదిన నా చెయ్యి పట్టుకుని. కానీ ఆ తుంటితో మూడంతస్తుల మెట్లెక్కడం ఇక ఈ జన్మకు లేదని డాక్టరు తేల్చేశాడు. అది ఆవిడ చెల్లెలి ఇల్లు. ఆవిడకు చోటుంది. నాకు పది రోజుల చుట్టరికమే ఉంది. వెనక్కి వచ్చేశాను.

తర్వాత రెండేళ్ళు బతికింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోను. ఏం కూర, ఎవరొచ్చారు, ఎండ ఎలా ఉంది, అవే మాటలు. ఒక ఆదివారం చెల్లెలు ఎత్తింది.

ఇక లేవండి, మీ వాళ్ళు చూస్తుంటారు. ఇంటికెళ్ళాక అలిగినవాళ్ళెవరైనా ఉంటే, వెళ్ళి వాళ్ళ పక్కన ఊరికే కూర్చోండి. మీ ఇల్లు నిండుగా ఉండాలి, మీ పొయ్యి మీద గిన్నె పెద్దదై ఉండాలి. మీ గుమ్మంలో ఎప్పుడూ ఒకటికి మించి జతల చెప్పులుండాలి. తల్లీ, క్షేమంగా వెళ్ళిరండి.