ఊడని డ్రమ్ము

మా మామయ్యగారు పోయారన్న కబురు బాపట్లలో నేను క్లాసులో ఉండగా వచ్చింది. ప్యూను గుమ్మం దగ్గరికొచ్చి, "మేడమ్, తెనాలి నుంచి ఫోనండి. మీ మామగారు ఇక లేరంటండి" అన్నాడు. నేను సరేనని తలూపి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసి, జవాబు కింద గీత కూడా గీశాను. బస్టాండుకి వెళ్ళి తెనాలి బస్సనుకుని రేపల్లె బస్సెక్కేశాను. జనంలో కండక్టరు నా దాకా వచ్చేసరికి పిట్టలవానిపాలెం వచ్చేసింది.

"తెనాలికైతే ఇదెందుకెక్కారమ్మా? పొన్నూరు మీదుగా వెళ్ళేది ఎక్కాలి గదా!" అని ఆయన జాలిపడ్డాడు.

దిగాలని కూడా తోచలేదు. రేపల్లె వరకూ వెళ్ళి, అక్కణ్ణుంచి తెనాలి రైలెక్కాను. బాపట్లకి బదిలీ కాకముందు ఏళ్ళ తరబడి నేను ఉద్యోగానికి వెళ్ళొచ్చిన రైలే అది. కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు ఒక పాత సందేహమూ వచ్చింది. నాకు ఈ ఉద్యోగం దక్కడానికి కారణం ఆయన మంచితనమా, ఆయన పొరపాటా అన్నది నేను ఏనాడూ ఆయన్ని అడగలేదు. ఇంక అడిగే వీలు లేదు.

మామయ్యగారు కోర్టు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. చర్చీ, కారూ తప్ప ఆయనకి మూడో ధ్యాస లేదు. ఆ రెండింట్లో ఏది ముందో మా అత్తయ్యకే అనుమానం. కారంటే ఇప్పటి కార్లు కాదు. పడవంత పాత అమెరికా కారు. దుగ్గిరాల పసుపు వ్యాపారి ఒకాయన దగ్గర కొన్నారట. డిక్కీ ఎంత కడిగినా పసుపు వాసన వదిలేది కాదు. ఆదివారం చర్చికి మేమంతా తెల్లబట్టల్లో, పసుపు దంచిన రోలులోంచి లేచొచ్చినవాళ్ళలా దిగేవాళ్ళం.

కొత్త కోడలితో ఏం మాట్లాడాలో ఆయనకి తెలిసేది కాదు. కారు గురించి మాట్లాడ్డం తెలుసు కాబట్టి అదే మాట్లాడేవారు. నేను కాపురానికొచ్చిన కొత్తలో షెడ్డులోకి కాఫీ తీసుకెళితే, గ్లాసు అందుకుని పానా నా చేతికిచ్చారు.

"ఎడమవైపు చక్రాలకి మర తిరగేసి ఉంటదమ్మా, ఈ కార్లకంతే. మామూలుగా నట్టు ఊడే వైపు తిప్పావనుకో, ఇది బిగుసుకుంటది. ఇంకా బలం పెట్టావా, స్టడ్డు పుటుక్కుమంటది" అన్నారు.

స్టడ్డంటే చక్రాన్ని పట్టి ఉంచే బోల్టు. అది విరిగితే వెనక బ్రేకు డ్రమ్ము మొత్తం ఊడదీసి, విరిగిన ముక్కని తట్టి తీసి, కొత్తది దిగగొట్టాలి. ఆ డ్రమ్ము ఊడటం ఒక ప్రహసనం. ముందు హ్యాండ్‌బ్రేకు వదలాలి. "హ్యాండ్‌బ్రేకు వేసి డ్రమ్ము లాగడం, తలుపు గడియపెట్టి చుట్టాల్ని రమ్మనడం, రెండూ ఒకటే" అనేవారు. ఆ తర్వాత పుల్లరు అనే మూడు కాళ్ళ పనిముట్టు తగిలించి మర బిగించాలి. నేనైతే అది వచ్చేదాకా బిగిస్తూనే ఉండేదాన్ని. ఆయన కొంత బిగించి, రెండు దెబ్బలు వేసి, చేతులు తుడుచుకుని లేచిపోయేవారు. "బిగించి ఊరుకోవాలమ్మా. దాని మానాన అదే వస్తది." నిజంగానే మేం భోజనం చేస్తుంటే షెడ్డులో ఢామ్మని చప్పుడయ్యేది. ఆయన తలెత్తకుండా పెరుగు కలుపుకునేవారు.

ఎనభైల చివర్లో నాకు రేపల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. చెప్పిన తేదీకి చేరకపోతే పోస్టు ఇంకొకరికి పోతుంది. మా ఆయన ఉద్యోగం విజయవాడలో. వారానికోసారి వచ్చేవారు. తెనాలిలో నేనూ, అత్తమామలూ. అత్తయ్య ఒకటే మాట అన్నారు. "ఇంటి కోడలు ఒక్కతే రైల్లో వెళ్ళడమేంటి? మీ మామయ్య కారులో దించి కారులో తెచ్చేట్టయితే వెళ్ళు. లేదా మానెయ్." ఆ ముసలి కారు రోజూ అంత దూరం తిరగడం జరిగే పని కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అత్తయ్యకి మరీ బాగా తెలుసు. మామయ్యగారు మాత్రం "అట్టాగేలే" అన్నారు. ఆవిడతో ఆయన వాదించగా నేనెప్పుడూ చూడలేదు.

చేరాల్సిన రోజు పొద్దున్నే నేను చీర కట్టుకుని, సర్టిఫికెట్లు సర్దుకుని బయటికొచ్చేసరికి కారు వెనక భాగం జాకీ మీద ఉంది. ఎడమ చక్రం. బలం కోసం పానాకి బారెడు పైపు తొడిగి ఉంది. కింద విరిగిన స్టడ్లు పడి ఉన్నాయి. మిగిలినవాటితో ఊరు దాటడం ప్రమాదమన్నారు.

"నట్లు ఒకసారి చూద్దామని తిప్పానమ్మా. అటు తిప్పబోయి ఇటు తిప్పాను" అన్నారు, నా మొహం చూడకుండా.

ఎటు తిప్పాలో నాకు నేర్పిన మనిషి! నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి! నాకు కోపమొచ్చింది. నన్ను ఆపడానికే చేశారనుకున్నాను. అత్తయ్య గుమ్మంలోంచి, "అయితే ఇంకేముంది, మానేసినట్టే" అన్నారు. అప్పుడు ఆయన నెమ్మదిగా, "ఇయ్యాళ్టికి రైల్లో వెళ్ళనియ్యవే. రేపటికి డ్రమ్ము ఊడదీసి బాగుచేస్తాగా" అన్నారు. అత్తయ్య విరిగిన స్టడ్ల వైపోసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు. నేను పరుగెత్తి రైలందుకున్నాను.

ఆ మర్నాడు కూడా డ్రమ్ము రాలేదు. "ఇయ్యాళ్టికి కూడా రైలే" అన్నారు. కొత్త స్టడ్లు విజయవాడ నుంచి మా ఆయన తెచ్చారు, అవి అటకెక్కాయి. డ్రమ్ము పట్టేసింది. నేను సాయంత్రం వచ్చేసరికి షెడ్డులో సుత్తి మోత వినబడుతుండేది. "ఇంకా రాలేదా అండీ?" అని వంటింట్లోంచి అత్తయ్య. "ఎక్కడే, తుప్పుకి కరుచుకుపోయింది" అని షెడ్డులోంచి మామయ్యగారు. అలా ఇయ్యాళ్టికి, ఇయ్యాళ్టికి అంటూ వానాకాలం గడిచిపోయింది. క్రిస్‌మస్‌కి ముందు ఒక ఆదివారం కారు చక్కగా నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. చర్చికి వెళ్ళొచ్చాం. సోమవారం నేను రైలెక్కాను. ఎవ్వరూ ఏమీ అనలేదు.

ఇదీ నా సందేహం. కావాలనే విరగ్గొట్టారా? కావాలనే అయితే ఆపాలని మొదలుపెట్టి మనసు మార్చుకున్నారా, పంపాలనే మొదలుపెట్టారా? లేక వయసు మీద పడి చెయ్యి నిజంగానే తప్పిందా, దాన్ని నేను ఇన్నేళ్ళుగా ఉపకారమనుకుంటున్నానా? ఒక్కోరోజు ఒక్కో జవాబు నమ్మాను. సమాధి దగ్గర పాస్టరుగారు ఆయన ఓర్పు గురించి చెబుతుంటే, ఆ ఓర్పులో నా వాటా ఎంతో తెలియక తికమకపడ్డాను. కృతజ్ఞత అయితే గొంతుదాకా ఉంది. దేనికో తేల్చుకోలేకపోయాను.

ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయాక అత్తయ్యా నేనూ వంటింట్లో పళ్ళాలు తుడుస్తున్నాం. ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తయ్యా, ఆ రోజు మామయ్యగారు స్టడ్లు పొరపాటునే విరగ్గొట్టారంటారా?"

"అది నాకేం తెలుసే? ఆ మనిషి మనసులో మాట ఆ దేవుడికే తెలియాలి" అన్నారు. తుడిచిన పళ్ళెం బోర్లించి, "డ్రమ్ము మాత్రం రెండో రోజే ఊడింది" అన్నారు.

"మీరు చూశారా?"

"చూసేదేంటి? ఇరుసు మీదున్న డ్రమ్ముని కొడితే మొద్దుగా మోగుద్ది. ఊడి కిందున్నదాన్ని కొడితే ఖంగుమని గంటలా మోగుద్ది. కాపురానికొచ్చిన కాణ్ణుంచీ వింటున్నా, ఆ మాత్రం తెలియదా? ఊడిందాన్ని ముందు పెట్టుకుని రోజూ నువ్వొచ్చే వేళకి కొట్టేవారు."

"మరి మీరు అడగలేదేం?"

"అడిగితే కొట్టడం మానేసేవారు గదే" అన్నారు అత్తయ్య.

ఆవిడ అన్నాళ్ళూ కోడలి మీద ప్రేమతో ఊరుకున్నారో, ఆయన్ని చిన్నబుచ్చలేక ఊరుకున్నారో నాకు అర్థం కాలేదు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాను. ఆవిడ షెడ్డు వైపు కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎప్పుడో ఆరిపోయిన పళ్ళేన్ని కొంగుతో ఇంకా తుడుస్తూనే ఉన్నారు.