మెంతులు మాడిన ఏడాది టమాటా పచ్చడి

మా పుట్టిల్లు విజయవాడ వన్‌టౌన్‌లో. వీధి చివరి కొట్లో దొరకని పచ్చడి లేదు కాబట్టి మా ఇంట్లో ఎవరూ ఏ పచ్చడీ పెట్టి ఎరగరు. పెళ్ళయి చల్లపల్లి వచ్చిన కొత్తలో ఆ సంగతి కాస్త గొప్పగానే చెప్పాను. మా అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "అయితే సీసా మూత తియ్యడం బాగా వచ్చన్నమాట" అన్నారు. ఆ ఎత్తిపొడుపు పదిహేనేళ్ళు విన్నాను.

అత్తగారి పెరడు ఏమంత పెద్దది కాదు. అయినా ఫిబ్రవరి వచ్చేసరికి టమాటాలు మేం తిన్నా, ఇరుగుపొరుగుకి పంచినా తరగనన్ని కాసేవి. అప్పుడు నిల్వ పచ్చడి మొదలుపెట్టేవారు. ముక్కలు కోసి ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టడం, మూడోనాడు ఆ ముక్కల్ని పిండేసి డాబా మీద ఎండబెట్టడం, ఆ ఊటలో చింతపండు నానెయ్యడం, చివరికి అన్నీ కలిపి రుబ్బి కారం, వేయించిన మెంతుల పొడి, వెల్లుల్లి తాలింపు కలపడం. వారం రోజుల తంతు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. డిజిటల్ కాటా ఒకటి కొనుక్కొచ్చి, నోట్‌బుక్ తెరిచి ఆవిడ పక్కన చేరేదాన్ని. ఆవిడ పిడికిలితో ఉప్పు తీస్తే చెయ్యి పట్టుకుని ఆపి కాటా మీద పోయించేదాన్ని. "ఈ పిల్ల ఏదో రోజు నన్ను కూడా తూచేట్టుందండీ" అని మామయ్యగారితో మొరపెట్టుకునేవారు.

ఆవిడకో నియమం ఉండేది. పచ్చడి కలిపేటప్పుడు ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు. వేసుకుంటే బూజు పడుతుందట. అంత ఉప్పులో ఏ బూజూ బతకదని నేను ప్రతి ఏడూ వాదించేదాన్ని. ఆవిడ నా వాదన పూర్తిగా విని, బేసిన్ మీదికి వంగి ఒక్కసారి గట్టిగా వాసన పీల్చి, "ఉప్పు చాల్లేదు" అనేవారు. ఉప్పు వాసనలో ఎలా తెలుస్తుందండీ అంటే, "నీ కాటాకి తెలీదులే" అనేవారు. కలిపిన మూడోనాడు రుచి చూస్తే ఆవిడ మాటే నిజమయ్యేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ మూడోనాడు మా ఇంట్లో పండగే. పచ్చడి తిరగగలిపి జాడీల్లోకి ఎత్తాక, బేసిన్ అడుగున అంటుకున్నదాంట్లో వేడి వేడి అన్నం, నువ్వుల నూనె వేసి కలిపి, అందరికీ చేతిలో తలా ఒక ముద్ద పెట్టేవారు. తాను చివర్న తినేవారు. ఆ తర్వాత ప్రతి జాడీనీ మరోసారి వాసన చూసి, మూతికి తెల్లగుడ్డ కట్టేవారు. గుడ్డ కట్టడం ఆవిడ పనే. ఇంకెవర్నీ ముట్టనిచ్చేవారు కాదు.

అందులో ఒక చిన్న జాడీ చర్చికి. మినుములు ఇళ్ళకి చేరాక మా చర్చిలో కోతల పండుగ చేస్తారు. ఎవరి పంటలో తొలిభాగం వాళ్ళు తెస్తారు. మినుముల బస్తాలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు. మాకు పొలం లేదు కాబట్టి అత్తగారు పచ్చడి జాడీ పట్టుకెళ్ళేవారు. దానికోసం పెద్దమనుషులు పిల్లల్లా పోటీ పడుతుంటే ఆవిడ తలమీది కొంగు సర్దుకుంటూ ఏమీ విననట్టు కూర్చునేవారు. సంవత్సరం మొత్తంలో ఆవిడకు తనదంటూ ఉన్న రోజు అదొక్కటే.

ఒక ఏడాది సంక్రాంతి ముందు ఆవిడకు జ్వరం వచ్చింది. తగ్గింది కూడా. తర్వాత ఒకటి రెండు సార్లు స్టవ్ మీద పాలు మాడాయి. ఆవిడ పక్కనే కూర్చుని బీన్స్ గిల్లుతున్నారు. నీరసమనుకున్నాం. ఎవరం పట్టించుకోలేదు.

పచ్చడి కలిపేరోజు కాలేజీకి సెలవు పెట్టాను. అత్తగారు మూకుడులో మెంతులు వేయిస్తున్నారు. నేను కాటా మీద కారం తూస్తున్నాను. ఉన్నట్టుండి మాడు వాసన వచ్చింది. తలెత్తి చూశాను. మెంతులు నల్లబడుతున్నాయి. ఆవిడ తీరిగ్గా గరిట తిప్పుతూనే ఉన్నారు. నాకు పాలు గుర్తొచ్చాయి. ఆవిడకు వాసన తెలియట్లేదని అర్థమైంది.

అప్పుడు నోరు తెరవాల్సింది. పిడికెడు ఉప్పుకి పదిహేనేళ్ళు పోట్లాడిన మనిషిని, ఆ ఒక్క మాట అనలేకపోయాను. ఆవిడ ఆ మెంతుల్నే పొడిచేసి పచ్చడిలో కలిపారు. ఎప్పట్లాగే బేసిన్ మీదికి వంగి వాసన పీల్చారు. "ఈసారి కుదిరింది" అన్నారు. నేను నోట్‌బుక్‌లో ఏదో రాస్తున్నట్టు తల దించుకున్నాను.

మూడోనాడు ముద్దలు పెట్టారు. మామయ్యగారు నోట్లో వేసుకుని, ఒక్క క్షణం ఆగి, "బ్రహ్మాండం" అన్నారు. మా ఆయన కూడా అదే మాట అన్నారు. నా ముద్ద నాలుక మీద పెట్టుకోగానే విషంలా చేదు. జాడీలు వరసగా ఉన్నాయి. చర్చి జాడీ చివర్న ఉంది. ఆవిడ తెల్లగుడ్డ చేతిలోకి తీసుకున్నారు.

"ఏమ్మా, వంక పెట్టకుండా ఎప్పుడూ తినవుగా. ఏవీ అనవేం?"

మామయ్యగారు నాకేసి వద్దన్నట్టు చూశారు. నేను మింగి, "చేదుగా ఉందండీ అత్తయ్యా. మెంతులు మాడాయి" అన్నాను.

"ఎప్పుడు మాడినయ్యి?"

"వేయిస్తున్నప్పుడేనండీ."

"నువ్వక్కడే ఉన్నావు గదే!"

ఆవిడ గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "జ్వరం వచ్చిన కాడ్నుంచీ ముక్కూ లేదు, నాలుకా లేదు. ఏం తిన్నా నీళ్ళు తాగినట్టే ఉంటంది. చెప్పుకోటానికి సిగ్గేసి నేనూరుకున్నా. నీకేవొచ్చింది? నన్నా జాడీతో చర్చికి పంపేదానివా?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద జాలితో నోరు మూసుకున్నానని ఆ రెండ్రోజులూ నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికది పిరికితనం. అత్తగారు ఇక అత్తగారిలా ఉండరేమోనని భయపడ్డాను.

ఆవిడ మాత్రం అప్పటికే వేళ్ళు లెక్కపెడుతున్నారు. ఆ రోజు గురువారం. కోతల పండుగ వచ్చే ఆదివారం కాదు, పై ఆదివారం. "పెరట్లో రెండో కాపు ఎర్రబడింది. లే, బుట్ట తీసుకురా" అన్నారు. మాడిన పచ్చడి పారేస్తానంటే మామయ్యగారు ఒప్పుకోలేదు. "చేదు షుగర్‌కి మంచిదంటగా, నాకుంచండి" అన్నారు. అన్నమాట ప్రకారం ఉగాది దాటేదాకా మొహం చిట్లించుకుంటూ తిన్నారు.

మళ్ళీ మొదలుపెట్టాం. ముక్కలు ఎంత ఎండాయో ఆవిడ వేళ్ళతో నలిపి చెప్పేవారు. ఆవిడ వేళ్ళు ఆ పనేమీ మర్చిపోలేదు. మెంతుల దగ్గరికొచ్చేసరికి గరిట నా చేతికిచ్చి పక్కన పీట వేసుకు కూర్చున్నారు.

"ఏం వాసనొస్తంది?"

"ఇంకా ఏం రావట్లేదండీ."

"తిప్పు. ఇప్పుడో?"

"పప్పు వేగినట్టు..."

"ఇంకాస్త. ఇప్పుడు?"

"కమ్మగా వస్తోందండీ. బ్రూ కాఫీ లాగా."

"దించెయ్, దించెయ్! ఇంకేం చూస్తన్నావ్!"

కోతల పండుగ ముందురోజు శనివారం, కొత్త పచ్చడికి మూడోనాడు. ఆవిడ అన్నం కలిపి మొదటి ముద్ద మామయ్యగారికి పెట్టలేదు, నాకు పెట్టారు. "నిజం చెప్పు" అన్నారు. ఉప్పు ఒక్క రవ్వ తగ్గిందన్నాను. ఆవిడ మొహం విప్పారింది. "నేననుకుంటానే ఉన్నా, నీ కాటా ఎప్పుడూ పిసినారిదే" అంటూ పిడికిలితో ఉప్పు తీసి జాడీల్లో సర్ది కలిపారు. ఈసారి నేను ఆ చెయ్యి ఆపలేదు.

అందరూ తిన్నాక ఆవిడ తన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. చాలాసేపు నమిలారు.

"ఎలా ఉందండీ?" అన్నాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

"వేడిగా ఉంది. కారం మండతంది" అన్నారు. నా వైపు తిరిగి, "మిగతాది నువ్వు చెప్పు" అన్నారు.

చెప్పాను. పులుపు ముందు తగులుతోందండీ, దాని వెనక వెల్లుల్లి, మెంతులు చివర్న ఎక్కడో కొంచెం, నూనె కమ్మగా ఉంది, పోయినేటి కంటే ఒక పిసరు బాగుంది. నేను చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు మూసుకుని మెల్లగా నమిలారు. మింగి, చెయ్యి కడుక్కొచ్చి, చర్చి జాడీ నా ముందుకు జరిపారు. వాసన చూడలేదు. తెల్లగుడ్డ నా చేతిలో పెట్టారు.

"నువ్వు కట్టు" అన్నారు.