కప్తాన్ సాబ్‌కు కిరాయి ఇల్లు

అరవైల చివర మా క్యాంపస్‌కు సోమాలియా నుంచి ఒక కప్తాన్ వచ్చాడు. అక్కడి సైన్యమే చదువుకోమని పంపిందట. ఆరడుగుల పైన మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా. మెస్సులో అన్నం, మాంసం కూరలో అరటిపండు కలుపుకుని హాయిగా తినేవాడు. మొదటిసారి చూసినప్పుడు నా కంచం తీసుకుని పక్క బల్లకు పోయాను. నెల తిరిగేసరికి నేనూ కలుపుకుంటున్నాను, ఎవరితో చెప్పుకోను!

ఒక రోజు ఆయన భార్య ఓడెక్కినట్టు కబురొచ్చింది. హాస్టల్‌లో ఆడవాళ్లను ఉండనివ్వరు. ఆమె బొంబాయిలో దిగేలోపు ఇల్లు దొరకాలి, లేకపోతే వచ్చిన దారినే తిరిగి పంపాలి. పెళ్లయిన వారానికే పటాలం పిలిస్తే వెళ్లిపోయిన మనిషి. ఇప్పుడు తిప్పి పంపేస్తే ఆమె మళ్లీ తన మొహం చూడదని దిగులు పడ్డాడు. దుబాసీగా నన్ను వెంటేసుకుని తార్నాక గల్లీలన్నీ తిరిగాడు.

ఇల్లు చూపించే ముందు అందరిదీ ఒకటే ప్రశ్న, "మీరేమోళ్లు?" కులం అడగడంలో అదొక మర్యాద. మీ తాతలెవరు, మీ వాళ్లెవరు అని అడుగుతున్నారని నేను ఇంగ్లీషులో చెప్పేవాణ్ని. ఈయన నిటారుగా నిలబడి, సోల్జర్‌నని మాత్రం అనేవాడు. తలుపు మూసుకునేది. నాకు ఒళ్లు మండేది. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా, ఏదో ఒకటి చెప్పొచ్చు కదా!

చివరికి సీతాఫల్‌మండికి పోయే మలుపులో ఒక ముసలమ్మ ఇల్లు దొరికింది. ఆమెదీ అదే ప్రశ్న. ఈసారి కప్తాన్ సోల్జర్‌నని ఆగిపోలేదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఆ తాత తండ్రి పేరు, అలా ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆగకుండా చెప్పుకుపోయాడు. వాళ్ల దేశంలో పిల్లలకు మాటలతో పాటే ఈ వరస నేర్పుతారట. అవన్నీ తాతల పేర్లని నేను తెలుగులో చెప్పేసరికి ముసలమ్మ బియ్యం ఏరడం ఆపేసింది.

"ఇంతమంది తాతల్ని యాదిల పెట్టుకున్నోడు నా ఇల్లు ఖరాబు చేస్తడా బిడ్డా? రేపే రమ్మను" అంది.

బయటికొచ్చాక పడీ పడీ నవ్వాను. ఈ ముక్క మొదటి గడపలోనే చెబితే నా చెప్పులు మిగిలేవి కదా అన్నాను. ఆయన నవ్వలేదు. సైన్యంలో ప్రమోషన్ మాట వచ్చిన ప్రతిసారీ పైవాళ్లు ఈ వరసే అడిగారట. ఏదో ఒక తాత దగ్గర ఆగి, మన తెగవాడు కాదని తేల్చి, తన కింద పనిచేసినవాణ్ని పైకెక్కించారట. ఇంకెవరికీ చెప్పనని అప్పుడే ఒట్టేసుకున్నాడట. ఎవరూ అడగని దేశమనుకుని ఇక్కడికొచ్చాడట. భార్య కోసం ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

నాకు నవ్వు ఆగిపోయింది. ఆ ఇల్లు నీకే కావాలంటే ఎన్ని పేర్లు చెప్పాల్సొచ్చేదని నడుస్తూ నన్నడిగాడు.

మాది ఊరవతలి వాడ. ఇంగ్లీషు నోటికి రాక తెలుగులోనే అనేశాను.

"గంత దూరం పోరు కప్తాన్ సాబ్. మాకైతే నాయిన పేరు కాడ్నే తలుపు పడ్తది."